వీసా లేకుండా దోహాకు వచ్చిన నా బిడ్డ

మొన్న నవంబరు ఒకటో తారీఖున మా వియ్యపురాలు చుట్టపుచూపుగా మా ఇంటికి వచ్చింది. ఆమె గడప దాటేటప్పటికి నేను నడవలో పీట వేసి, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, చుట్టూ బంతిపూలు చల్లి, చిన్న అరిటాకు ముక్కలో రెండు శెనగ్గింజల ఉండలు, పక్కన గ్లాసుడు పాలు, గ్లాసుడు నీళ్ళు పెట్టి దీపం వెలిగిస్తున్నాను. ఆ రోజు మన రాష్ట్రం పుట్టినరోజని వీధి చివర బడిలో జెండా ఎగరేసి పాటలు పాడిస్తుంటే, నా పూలూ దీపమూ కూడా దానికి సంబంధించిన ముచ్చటే అనుకుందో ఏమో, చేతిసంచీ పక్కన పెట్టి కాళ్ళు కడుక్కుంది. తర్వాత ఆకు మరీ చిన్నదిగా ఉండటం గమనించి, ఇదెవరికి వదినా అని అడిగింది. నా కూతురికి అన్నాను.

మా వాడి పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆ తారీఖున ఆమె మా ఇంట్లో ఉండటం అదే మొదటిసారి. నాకొక కూతురు పుట్టి పోయిందన్న సంగతి సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పనక్కర్లేదని మా వాళ్ళు అనుకున్నారట, ఆమెకు తెలియనే తెలియదు. నాలుగేళ్ళకే పోయిందని విన్నాక ముక్కు మీద వేలేసుకుని, చిన్నబిడ్డలకు పెట్టకూడదు కదా అంది. గొంతు తగ్గించి, కిరస్తానంలో గానీ కలిశారా అని కూడా అడిగింది. ఈ రెండు మాటలూ నాకు కొత్త కాదు. దాదాపు ముప్పై ఏళ్ళుగా ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు, నేను పెడుతూనే ఉన్నాను. అయినా ఈసారి ఎందుకో ఒళ్ళు మండింది, ఒకసారి మొత్తం రాసి పడేస్తే అడిగినవాళ్ళ చేతిలో పెట్టవచ్చు కదా అనిపించింది. అందుకే ఇది.

మన వయసువాళ్ళకు తెలుసు, పెద్దవాళ్ళు పోతే మనకు అన్నీ ఉన్నాయి. దినాలున్నాయి, మాసికాలున్నాయి, సంవత్సరీకం ఉంది, ఏటేటా మహాలయ అమావాస్యకు కొత్తబట్టలు పెట్టి, గారెలూ పాయసమూ వండి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ మిద్దె మీద నిలబడి ఎదురుచూడటం ఉంది. తాగొచ్చి పెళ్ళాన్ని తన్నిన తాతకు కూడా ఆకు వేసి, ఆయనకిష్టమని చుట్ట ముక్క పక్కన పెట్టే ఇళ్ళు నాకు తెలుసు. నాలుగేళ్ళ బిడ్డ పోతే మాత్రం ఏమీ లేదు. జ్వరం తగిలి, టౌనుకు తీసుకుపోయే లోపలే నా బిడ్డ పోయింది. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, దాన్ని తువ్వాల్లో చుట్టి భుజాన వేసుకుని ఊరి బయట వంక వైపు వెళ్ళాడు. తల్లి వెంట వెళ్ళకూడదన్నారు. ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పకూడదన్నారు, చెబితే రోజూ పోయి అక్కడే కూర్చుంటుందట. ఏడిస్తే మళ్ళీ నా కడుపున పడదన్నారు. పేరెత్తి పిలిస్తే పోలేక తిరుగుతుందన్నారు. మా అత్త దాని గౌన్లన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేసింది. ఫోటో తీయించే ముచ్చట ఆ రోజుల్లో మా ఊళ్ళో పెళ్ళికే ఉండేది కాదు, ఇక బిడ్డకెక్కడిది! చంకలో మగబిడ్డ ఉన్నాడు కదా వాణ్ణి చూసుకో అన్నారు. నేను వాణ్ణి చూసుకుంటూ నోరు మూసుకున్నాను. దాని పేరు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆ పేరు ఇప్పుడే మీకు కూడా చెప్పను, దానికొక చోటుంది.

అది పోయిన కొన్నేళ్ళకు, తొంభైల మొదట్లో, వరసగా వానలు మోసం చేసి శెనక్కాయ పంట చేతికి రాకపోతే, మా కడప జిల్లా ఆడవాళ్ళు చాలామంది గల్ఫ్ బాట పట్టినట్టే నేనూ పట్టాను. మా ఊళ్ళో గల్ఫ్ దేశాలన్నిటికీ కలిపి ఒకటే పేరు, కోయిట్. నేను పోయింది ఖతర్‌కే అయినా మా అత్త పోయేదాకా నా కోడలు కోయిట్‌లో ఉందనే చెప్పుకునేది. అప్పటికే అల్ రయ్యాన్‌లో ఒక ఖతరీ వాళ్ళింట్లో హౌస్ డ్రైవరుగా ఉన్న మా అన్నే నాకు వీసా తీయించాడు. అవును, బిడ్డను భుజాన వేసుకుపోయిన ఆ అన్నే. విమానాశ్రయానికి వచ్చి నన్ను కారెక్కించుకున్నాడు, దారంతా ఊరి సంగతులు ఎన్నో అడిగాడు, నేనూ చెప్పాను. మా ఇద్దరి మధ్య మాట్లాడుకోనిది ఒక్కటే ఉండేది, అదేమిటో ఇద్దరికీ తెలుసు.

నేను చేరింది దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక పాత బిల్డింగులో, రెండో అంతస్తు ఫ్లాటులో. కింద ఒక టైలరు షాపు, బకాలా అని పిలిచే ఒక మలయాళీ వాళ్ళ కిరాణా కొట్టు, పొద్దున్నే పరోటా వాసన. ఇంటివాళ్ళది మెక్సికో. ఆ పేరు నేను బడిలో భూగోళం పుస్తకంలో చదివానే తప్ప అక్కడ మనుషులుంటారని ఎప్పుడూ ఆలోచించలేదు. సారు గ్యాస్ కంపెనీలో ఇంజనీరు, వారమంతా సైటులోనే. మేడం నాకంటే చిన్నది, నెమ్మదస్తురాలు. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకు అంతకంటే తక్కువ. అందుకని ఆమె ఇంగ్లీషులో నాలుగు మాటలు, నేను హిందీలో రెండు, మధ్యలో ఊరందరూ మాట్లాడే అరబ్బీ ముక్కలు, ఉప్పు అయిపోతే ఉప్పు మాఫీ, త్వరగా రావాలంటే యల్లా, ఇలా కలిపి వాడుకుని సంసారం లాగించేవాళ్ళం. ఇప్పటి పిల్లలు ఫోనులో నొక్కితే ఏ భాషైనా పలుకుతుందంటున్నారు కానీ, మేము ఆ కలగూరగంప భాషలో పోట్లాడుకుని మళ్ళీ కలిసిపోయేవాళ్ళం కూడా.

నేను చేరిన ఏడాదే మేడం తండ్రి వాళ్ళ దేశంలో చనిపోయాడు. ఒంటరిగా ఉన్న తల్లిని ఎండలు తగ్గాక దోహాకు పిలిపించుకుంది. ఆమెను నేను మొదటి రోజు నుంచీ అవ్వా అనే పిలిచాను. పొట్టిగా, గట్టిగా, రెండు జడలు వెనక్కి కలిపి కట్టుకుని, మా ఊరి సంతలో కనబడితే మన మనిషే అనుకునే రంగులో ఉండేది. పెట్టె తెరిస్తే బట్టలకంటే ఎండుమిరపకాయలే ఎక్కువ. నల్లవి, ముడతలు పడినవి, ఎర్రవి, పొట్టివి. వాటిని పెనం మీద కాస్త మాడనిచ్చి, నానబెట్టి, వాళ్ళ దేశం నుంచి మోసుకొచ్చిన చిన్న రాతిరోట్లో నూరడం మొదలుపెట్టింది. మిక్సీ ఉంది కదా అని మేడం అంటే తల అడ్డంగా ఊపింది. మా ఇంట్లో రోజూ రోట్లో ఊరిబిండి పచ్చడి నూరిన చేతులు నావి, ఊరకే చూస్తూ నిలబడతానా, ఆమెను పక్కకు జరిపి నేను నూరాను. ఆమె వేలితో తీసి నాలుక మీద వేసుకుని నా వీపు మీద ఒకటి చరిచింది. అంతే, ఆ రోజు నుంచి వంటగది మా ఇద్దరిదీ అయిపోయింది. ఆమె వాళ్ళ భాషలో, నేను తెలుగులో, ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకుంటూ పని చేసేవాళ్ళం, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

అక్టోబరు చివర్లో ఒక రోజు పొద్దున అవ్వ హాలులో భోజనాల బల్లను గోడకు జరిపించింది. దాని మీద అట్టపెట్టెలు పేర్చి మెట్లలాగా చేసి పైన దుప్పటి కప్పింది. మా వైపు బొమ్మల కొలువు పెట్టే అలవాటు లేకపోయినా టౌనులో చూసి ఉన్నాను గనుక అలాంటిదేదో అనుకున్నాను. పై మెట్టు మీద చనిపోయిన భర్త ఫోటో పెట్టింది. దాని ముందు గ్లాసుతో నీళ్ళు, గిన్నెలో ఉప్పు. అంత దూరం నడిచి వస్తాడు కదా, దాహమవుతుంది, అందుకు నీళ్ళు. అతనికిష్టమైన సిగరెట్లు పెట్టింది. మందు కూడా పెట్టాలట, అది దొరకదని మేడం చెబితే అవ్వ చాలాసేపు గొణిగి, చివరికి పెప్సీ డబ్బా తెచ్చి కోపంగా ఫోటో ముందు పెట్టింది. ఆ తర్వాత చక్కెరను కోడిగుడ్డు తెల్లసొనతో ముద్దచేసి పుర్రెలు చేయడం మొదలుపెట్టింది. నిజం పుర్రెలే, కళ్ళ గుంటలు, పళ్ళు, పైగా నవ్వుతున్నాయి! నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఇంట్లో పుర్రె పెట్టుకోవడమేమిటి, ఈ మనుషులు క్షుద్రం గానీ చేస్తారా అని ఆ పూట నాకు అన్నం సహించలేదు. మేడం నా ముఖం చూసి నవ్వి, మమ్మా వాళ్ళ ఊళ్ళో ఈ రోజుల్లో చనిపోయినవాళ్ళందరూ ఇంటికి వస్తారని, సమాధుల దగ్గర పూలూ దీపాలూ భోజనాలూ పెట్టుకుని ఊరంతా అక్కడే గడుపుతారని, పుర్రె నుదుటి మీద పోయినవాళ్ళ పేరు రాస్తారని తనకొచ్చినట్టు చెప్పింది. ఇంత దూరం ఎలా వస్తారు మేడం అని అడిగాను. ఆమె అవ్వను అడిగి, ఆమె చెప్పింది నాకు మా కలగూరగంప భాషలోకి మార్చింది.

"మమ్మా సే, డెడ్ పీపుల్ వీసా మాఫీ, కఫీల్ మాఫీ, టికెట్ మాఫీ. ఫ్లవర్ రోడ్ సీ, స్ట్రెయిట్ కమింగ్!"

కఫీల్, అంటే మనకు పూచీ రాసిచ్చే యజమాని, లేకుండా ఆ దేశంలో అడుగుపెట్టగలిగినవాళ్ళు ఉన్నారని వినడం నాకదే మొదటిసారి. ఎన్నాళ్ళ తర్వాతో పగలబడి నవ్వాను, అవ్వ కూడా నవ్వింది. ఈ సరదా అంతా కిటికీ తెరలు వేసుకునే జరిగింది లెండి. ఆ రోజుల్లో అక్కడ ఎవరి దేవుడైనా ఇంటి నాలుగు గోడల మధ్యనే ఉండాలి. లుబాన్ పొగ మాత్రం ఆ ఊళ్ళో ఇంటింటా వేస్తారు గనుక, మా ఫ్లాటులోంచి సాంబ్రాణి వాసన వస్తే బిల్డింగు కాపలా కాసే నాతూర్ కూడా పైకి తలెత్తి చూడలేదు.

అన్నిటికంటే కింది మెట్టు మాత్రం అవ్వ అంతవరకూ ఖాళీగా ఉంచింది. మర్నాడు దాని మీద ఒక చిన్న కప్పుతో పాలు, చిన్న చిన్న రొట్టెలు, ఒక కొయ్య బొంగరం పెట్టింది. చక్కెరతో పుర్రె కాకుండా గొర్రెపిల్ల బొమ్మ ఒకటి చేసి దాని మీద ఏదో పేరు రాసింది. ఇది ఎవరికని సైగ చేశాను. అవ్వ చేయి కిందికి దించి మోకాలి ఎత్తు చూపించింది. మేడం చెప్పింది, తను పుట్టకముందే అవ్వకొక కొడుకు పుట్టి పోయాడట. చిన్నపిల్లలు ముందు వస్తారట, నవంబరు ఒకటిన వాళ్ళ రోజు, పెద్దవాళ్ళది రెండున. పిల్లలకు కారం లేకుండా వండుతారట. ఫోటో ఏదని అడిగాను. ఫోటో మాఫీ, పేరుంది అంది మేడం. అప్పుడు అవ్వ ఆ పేరును గట్టిగా, వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి అన్నానికి పిలిచినట్టు పిలిచింది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, మామూలుగా పిలిచింది. ఒక తల్లి పోయిన బిడ్డను అలా పిలవవచ్చునని నాకు తెలియదు. తెలియదని చెప్పడం కూడా సరి కాదు, తెలియకుండా చేశారు.

అవ్వ నన్ను అంతకుముందే ఒకసారి పిల్లలెందరని అడిగి ఉంది. ఒక్క వేలు చూపించాను, ఎవరడిగినా అంతే చూపించేదాన్ని. ఆ రోజు ఆమె చేయి పట్టుకుని నా రెండో వేలు కూడా ఎత్తి చూపించాను. తర్వాత నా చేయి కిందికి దించి నా బిడ్డ ఎత్తు చూపించాను. అవ్వ చక్కెర ముద్ద తీసి రెండో గొర్రెపిల్లను చేసింది, రంగు పాకం నింపిన కాగితం పొట్లాన్ని నా చేతిలో పెట్టి రాయమన్నట్టు గడ్డం ఎగరేసింది. అక్షరాలు దిద్దకుండానే పోయిన బిడ్డ పేరును నేను మొట్టమొదటిసారి రాసింది ఆ చక్కెర మీదే, దోహాలో, తెలుగక్షరాల్లో. రాశాక పైకి చదివాను. ఎంత ఏడ్చానో చెప్పను, ఏడవకూడదన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే తలుచుకుని మరీ ఏడ్చాను. ఆ తర్వాత ముఖం కడుక్కుని, శెనగ్గింజలు వేయించి, పొట్టు చెరిగి, బెల్లం పాకం పట్టాను. దానికి ఆ ఉండలంటే ప్రాణం.

ఇక పూల సంగతి. దారి వేయడానికి బంతిపూలే కావాలని అవ్వ పట్టు. మన బంతిపువ్వే వాళ్ళకూ చనిపోయినవాళ్ళ పువ్వు, ఆ ఆరెంజు రంగూ ఆ ఘాటు వాసనా పోయినవాళ్ళకు ఇల్లు చూపిస్తాయట. దోహాలో అప్పట్లో మల్లెపూల మూర దొరకడమే గొప్ప, బంతిపూలు ఎక్కడ తేవాలి! మేడం రంగు కాగితాలతో చేద్దామంది. నాకు మా అన్న చెప్పిన సంగతి గుర్తొచ్చింది. అల్ షహానియాలో ఒంటెల ఇజ్బాలో, అంటే ఎడారిలోని దొడ్డిలో, పనిచేసే మా వైపు మనిషి ఒకడు, ఊరి నుంచి విత్తనాలు తెచ్చి నీళ్ళ తొట్టి పక్కన బంతిచెట్లు వేసుకున్నాడట. అన్నకు ఫోను చేసి, మా మేడంకు పండగ, పూలు తేవాలి అని మాత్రం చెప్పాను. నవంబరు ఒకటి ఆ ఏడు శుక్రవారం పడింది, అన్నకు మధ్యాహ్నం నమాజు తర్వాత కాసేపు డ్యూటీ ఉండదు. మూడింటికి సంచీ నిండా పూలతో వచ్చాడు. పూలకు ఒంటె పేడ వాసన, అన్న చొక్కాకు అత్తరు వాసన.

లోపలికి వచ్చి నిలబడి బల్లనంతా వింతగా చూస్తూ కింది మెట్టు దగ్గరికి వచ్చేసరికి తెలుగక్షరాలు కంటబడ్డాయి. చదువుకున్నాడు. చేతిలో సంచీ కింద పెట్టేశాడు.

"ఏందిమే ఇది? ఎవురు రాసినారు ఈ పేరు?"

"నేనే రాసినా."

"చిన్నబిడ్డలకు పెట్టగూడదని తెలీదా నీకు? పేరెత్తి పిలిచ్చే తిరుక్కుంటాది మే. ఈపాటికి యాడో పుట్టింటాది, దాన్ని ఎందుకు ఎనక్కి లాగుతాండావు?"

"తిరుక్కుంటే తిరుక్కోనీ అన్నా. యాడికొచ్చాది, నా కాడికే గదా!"

"మీ ఇంటాయనకు తెలిచ్చే నన్ను గదా అంటాడు, కోయిట్‌కు పిలిపిచ్చి చెడగొట్టినావని."

"అననీ. ఆయన బిడ్డ గాదా అది? మీ అందరి తాతలకూ ఆకులేసి వడ్డిచ్చినా గదా ఇన్నేండ్లు, నా బిడ్డకు గుక్కెడు పాలు పోచ్చే ఏం కొంప మునుగుతాది?"

నేను అంత గట్టిగా అరవగలనని అన్నకు తెలియదు, నాకూ తెలియదు. అవ్వకు మా మాట ఒక్కటీ అర్థం కాకపోయినా పోట్లాట దేని గురించో అర్థమైంది. ఇద్దరి మధ్యకూ వచ్చి, కింద పెట్టిన సంచీ తీసి అన్న చేతిలో మళ్ళీ పెట్టి, వాకిలి దగ్గరి నుంచి బల్ల దాకా పూలరేకులు చల్లమని చేత్తో చూపించింది. అంత పెద్దావిడ చెబితే కాదనలేక అన్న వంగి పూలు తుంచడం మొదలుపెట్టాడు. అప్పుడు అవ్వ మేడంతో ఏదో అంది, మేడం నన్ను అడిగింది, బేబీ ఎక్కడుంది, ఏ వైపు నుంచి వస్తుంది అని. వాళ్ళ ఊళ్ళో సమాధి నుంచి ఇంటి దాకా దారి వేస్తారు కదా, ఆ మాట. నా బిడ్డను ఎక్కడ పెట్టారో నాకు తెలియదని ఆ ముక్కల భాషలో పరాయి దేశపు ఆడవాళ్ళకు చెప్పవలసి వచ్చింది. మేడం సరిగా అర్థం చేసుకోలేదేమో అనుకుని మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను, హూ నోస్ అంది. నేను అన్న వైపు చూశాను. అవ్వా మేడమూ కూడా చూశారు.

అన్న పూలు తుంచుతూనే ఉన్నాడు. తర్వాత నేలనే చూస్తూ, "వంక మలుపులో నల్లగుండు ఉండాది సూడు, దాని కింద. తల దచ్చినానికి పెట్టినా. నక్కలు తవ్వకుండా రాళ్ళు పేర్చి కంప గూడా కప్పినా" అన్నాడు. కొన్ని రేకులు చల్లి మళ్ళీ అన్నాడు. "జేబులో బెల్లంముక్క ఉన్నింది మే. దాని చేతిలో పెట్టినా. పెట్టగూడదని తెలుసు. ఎవురికీ చెప్పలేదు."

ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు ఇక్కడ కళ్ళు తుడుచుకుంటారు, అన్న ఎంత మంచివాడో అంటారు. మంచివాడే, కాదనను. కానీ నాకు ఆ క్షణంలో కోపం పోలేదు, రెట్టింపయింది. నువ్వు బెల్లం పెట్టుకుని నీ మనసు కుదుట పరుచుకున్నావు, నన్ను మాత్రం ఇన్నేళ్ళు ఖాళీ చేతులతో కూర్చోబెట్టావు అని మళ్ళీ తిట్టాను. తిట్టనిచ్చాడు. తిట్లు అయిపోయాక ఇద్దరం కలిసి ఆ ఫ్లాటు వాకిలి నుంచి, కాళ్ళజోళ్ళ స్టాండు పక్కగా, హాలు మధ్యగా, కింది మెట్టు దాకా బంతిరేకుల దారి వేశాం. అన్న బిడ్డను పేరు పెట్టి పిలవలేదు గానీ, వెళ్ళేటప్పుడు కప్పులో పాలు అంచు దాకా రాలేదని చూసి, ఇంకొంచెం పొయ్యమే అన్నాడు.

రెండేళ్ళకొకసారి ఇచ్చే సెలవుకు ఊరు వెళ్ళినప్పుడు మొదటి పని నల్లగుండు దగ్గరికి వెళ్ళడమే. పట్టపగలు, అందరూ చూస్తుండగా, పాలచెంబు చేతపట్టుకుని వీధి నడుమ నడిచాను. మా అత్త శాపనార్థాలు పెట్టింది, ఇంటికి కీడు తెస్తున్నానంది. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందరూ భయపెట్టిన కీడు ఏదీ రాలేదు. వాన కురిసినప్పుడు కురిసింది, కురవనప్పుడు కురవలేదు, అంతకుముందూ అంతే. మరుసటి సెలవుకు మా ఆయన వంక గట్టు దాకా వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆ తర్వాతి సెలవుకు నీళ్ళబిందె ఆయనే మోసుకొచ్చాడు, రాళ్ళు జారి ఉంటే సర్ది పేర్చాడు కూడా. ఆ ఊళ్ళోనే బిడ్డలను పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఇంకో ఇద్దరు, నా వెనక గుసగుసలాడినవాళ్ళే, బావి దగ్గర నన్ను ఆపి, నువ్వు ఏం పెడతావు, ఎప్పుడు పెడతావు అని చిన్నగా అడిగారు. నేను పెద్దగానే చెప్పాను.

ఇప్పుడు వంక లేదు. బైపాసు రోడ్డు కోసం దాన్ని పూడ్చేశారు, నల్లగుండును పేల్చి కంకర చేసి ఆ రోడ్డుకే వేశారు. తిరుపతి బస్సులు, టమోటా లారీలు నా బిడ్డ మీదుగా పోతున్నాయి. ఆ రోడ్డున బస్సెక్కినప్పుడు ఆ మలుపు ఏదో గుర్తుపట్టాలని చూస్తాను, పట్టలేను, ఇప్పుడు అంతా తిన్నగానే ఉంది. మా ఆయన పోయాడు, అన్నా పోయాడు. దోహాలో మా బిల్డింగు కూడా కొట్టేసి అద్దాల మేడ కట్టారని అక్కడి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. మేడం వాళ్ళు ఏ దేశం వెళ్ళారో తెలియదు, అవ్వ వయసు లెక్కేసుకుంటే ఈ పాటికి ఆమె కూడా వీసా అక్కర్లేని మనిషి అయి ఉంటుంది. అందుకే నవంబరు రెండున మా ఆయనకూ అన్నకూ పెట్టే ఆకుల పక్కన, రోట్లో నూరిన ఎండుమిరపకాయల ఊరిబిండితో ఇంకో ఆకు వేస్తాను. మనుషులు తగ్గేకొద్దీ ఆకులు పెరుగుతున్నాయి, చేతనైనన్నాళ్ళు వేస్తాను. ఆ తర్వాత ఎవరు వేస్తారో అనే దిగులు మాత్రం సాయంత్రాలు వచ్చి కూర్చుంటుంది.

వియ్యపురాలికి ఇదంతా చెప్పలేదు. నేను ఏ మతంలోనూ కలవలేదు వదినా, నా బిడ్డకు పాలు పోస్తున్నాను అంతే అన్నాను. అప్పుడే బడి నుంచి వచ్చిన మా మనవరాలు, పీట ముందు పిండితో రాసిన పేరును కూడబలుక్కుని చదివి, ఈమె ఎవరు నానమ్మా అంది. మీ అత్త అన్నాను, మీ నాన్నకు అక్క. అంత చిన్న అత్తా అని ఆశ్చర్యపోయి, తన డబ్బాలో మిగిలిన బిస్కెట్టు తెచ్చి ఆకులో పెట్టింది.

ఇంతదాకా చదివారు కనుక పేరు చెబుతాను. మీ ఇళ్ళల్లోనూ పేరు లేకుండా వంక ఒడ్డుకు పోయిన బిడ్డలు ఉండే ఉంటారు, వాళ్ళ తల్లులు ఒక్క వేలు చూపిస్తూ ఉండే ఉంటారు. పిలవకూడదంటారు. నేను పిలుస్తాను, మీరు కూడా చదివేటప్పుడు పైకే చదవండి, కీడంటూ ఏమన్నా ఉంటే అది నాకే రానివ్వండి. నా కూతురి పేరు నాగవేణి.